ఏడు నెలల పాపతో అరకా, భీమిలా?

ప్రశ్న: మాది గాజువాక. పాపకు ఏడు నెలలు నిండాయి. పురిటికి పుట్టింటికి వెళ్ళి రావడం తప్పితే ఏడాదిగా నేను ఇల్లు కదల్లేదు. మా ఆయనది ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. డిసెంబరులో మూడు రోజులు కలిసొచ్చేలా సెలవు పెడతానంటున్నారు. ఆయనకు అరకు వెళ్ళాలని ఉంది. పొగమంచు, బొర్రా గుహలు, పాపతో ఫొటోలు! మా అత్తగారేమో ఏడాది నిండేదాకా పసిబిడ్డను పొలిమేర దాటించకూడదని, కాదూ కూడదంటే మొదట సింహాచలం అప్పన్న దగ్గరికే తీసుకెళ్ళాలని అంటున్నారు. మాకు బైకు ఉంది, కారు లేదు. పాప నా పాలే తాగుతోంది. కిందటి నెలలో అన్నప్రాసన అయ్యాక ఉగ్గు కూడా పెడుతున్నాను. ఇప్పుడిప్పుడే పాకుతోంది. ఇంత చిన్నపిల్లతో వెళ్ళొచ్చా? వెళ్తే ఎక్కడికి, ఎలా? అత్తగారిని ఇంట్లో వదిలి వెళ్తే బాగుంటుందా? నిజం చెప్పాలంటే నాకు అరకూ వద్దు, ఏదీ వద్దు. ఎక్కడో ఒక చోట మూడు గంటలు వరసగా నిద్రపోతే చాలు.
- ఒక అమ్మ, గాజువాక

జవాబు: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలన్నీ ఒక ఎత్తు, చివర్లో మొహమాటపడుతూ రాసిన ఆ ముక్క ఒక్కటీ ఒక ఎత్తు. మూడు గంటలు వరసగా నిద్ర. ఏడు నెలలుగా రాత్రుళ్ళు ముక్కలు ముక్కలుగా పడుకుంటున్న మనిషికి అంతకన్నా పెద్ద విహారయాత్ర ఏముంటుంది? పాపకు ఈ ప్రయాణం ఎలాగూ గుర్తుండదు. అరకు చూపించినా, ఆర్కే బీచ్ చూపించినా దానికి కావలసింది మీ ఒడి, వేళకు పాలు, చేతికి అందిందల్లా నోట్లో పెట్టుకునే స్వేచ్ఛ. కాబట్టి ఈ సెలవు మీది. ఎక్కడికి వెళ్ళాలన్నది కూడా ఆ ఒక్క లెక్కతోనే తేల్చేద్దాం. అక్కడ మీకు నిద్ర దొరుకుతుందా, దొరకదా?

ఆ పరీక్షలో అరకు తప్పింది, మీకు దగ్గర్లోనే సముద్రం ఒడ్డున ఉన్న భీమిలి పాసైంది. ఎందుకో చెబుతాను.

ముందు, వెళ్ళొచ్చా అన్నదానికి జవాబు: వెళ్ళొచ్చు. పాప నెలలు నిండకుండా పుట్టి ఉన్నా, ఈ మధ్య జలుబో దగ్గో పట్టుకుని ఉన్నా మీ పిల్లల డాక్టరును ఒక మాట అడగండి. అదేమీ లేకపోతే ఏడెనిమిది నెలల వయసు ప్రయాణానికి మంచిదే. మెడ నిలబడింది, కూర్చుంటుంది, ఆకలేస్తే పాలు మీ దగ్గరే ఉన్నాయి, సీసాలు మరగబెట్టే పని లేదు. ఇంకో ఆరు నెలలు ఆగితే నడక వస్తుంది. నడక వచ్చిన పిల్లతో సముద్రం ఒడ్డుకు వెళ్ళడమంటే సెలవు పెట్టి మరీ పరుగుపందెంలో చేరినట్టే.

టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి. పద్నాలుగో వారంలో వేసేవాటి దాకా అన్నీ పడ్డాయా? తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాకే వేస్తారు. అప్పటిదాకా ఒకరి మీద ఒకరు పడే జనంలోకి పాపను తీసుకెళ్ళకపోవడమే మంచిది. మీ అత్తగారి 'పొలిమేర' మాటను కొట్టిపారేయకండి. టీకాలు లేని రోజుల్లో పుట్టిన మాట అది. తట్టు ఊళ్ళోకి వచ్చిందంటే ఏ ఇంట్లో ఎవరు మిగులుతారో తెలియని కాలంలో, పసిబిడ్డను గడప దాటించకపోవడమే టీకా.

ఇక అరకు సంగతి. మా ఆయనా మీ ఆయన బాపతే. మా వాడికి ఎనిమిదో నెల నడుస్తుండగా సరిగ్గా డిసెంబరులో అరకు తీసుకెళ్ళారు. విశాఖ నుంచి 115 కిలోమీటర్లే కదా అనుకున్నాం. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలయ్యేసరికి వాడు తాగిన పాలన్నీ నా భుజం మీదే ఉన్నాయి. మలుపు మలుపుకీ ఏడుపు. అనంతగిరి దగ్గర కారాపించి, రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని పాలిస్తుంటే మా ఆయన దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడ్డారు. గాలికి అది జెండాలా లేచిపోతోంది. బొర్రా గుహల దగ్గర మెట్ల నిండా జనం, లోపల తడి, గబ్బిలాల వాసన. పిల్లాడిని ఎత్తుకుని సగం దిగి, కాలు జారుతుందన్న భయంతో వెనక్కి వచ్చేశాను. మా ఆయన లోపలంతా తిరిగొచ్చి "శివలింగం చూడాల్సిందే" అన్నారు. నేను బయట కోతుల్ని చూశాను.

రాత్రికి దిగిన చోట ఇరవైనాలుగు గంటలూ వేడినీళ్ళు వస్తాయన్నారు. వచ్చింది పొద్దున్న ఏడింటికి ఒక బకెట్టు. అరకు లోయ 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. డిసెంబరు రాత్రి చలి 10 డిగ్రీలకూ, ఒక్కోసారి ఇంకా కిందకీ దిగుతుంది. ఆ రాత్రి కరెంటు కూడా పోయింది. వాణ్ణి గుండెకు హత్తుకుని తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఫొటోల్లో మాత్రం ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం. మీ ఆయన చూసి ముచ్చటపడే ఫొటోల వెనక కూడా ఇలాంటి రాత్రి ఒకటి ఉండే ఉంటుంది.

అరకు మీద నాకు కోపమేమీ లేదు. పాపకు మూడేళ్ళు రానివ్వండి. పొద్దున్నే ఏడు కాకముందే విశాఖలో బయల్దేరే కిరండూల్ రైలెక్కండి, అద్దాల పెట్టెలో. సొరంగం వచ్చినప్పుడల్లా కేక పెట్టి చప్పట్లు కొట్టే వయసు అది. ఏడు నెలల పిల్లకు సొరంగమైనా ఒకటే, దుప్పటి కింద చీకటైనా ఒకటే.

బొర్రా చూడలేకపోతున్నామని మీ ఆయన మరీ బాధపడితే ఈ మాట చెప్పండి. ఆ గుహల్లోంచి పారే గోస్తని నది కొండలన్నీ దిగి వచ్చి భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. గోస్తని అంటే ఆవు పొదుగు. పాలు తాగే పిల్లతో చూడాల్సిన నది అదే కదా! దానికోసం మీరు ఘాట్ ఎక్కక్కర్లేదు, అదే దిగి వస్తోంది.

గాజువాక నుంచి భీమిలి 45 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. సిటీ ట్రాఫిక్ దాటడానికి పట్టే సమయంతో కలిపి గంటన్నర. అంటే పాప పొద్దుటి కునుకు ఒకటి. పసిపిల్లలతో దూరాన్ని నేను కిలోమీటర్లలో కొలవను, కునుకుల్లో కొలుస్తాను. ఒక్క కునుకులో చేరే ఊరైతే బయల్దేరొచ్చు. రెండు కునుకులు పట్టే ఊరైతే మధ్యలో ఒక ఏడుపు తప్పదు. మూడు పట్టేదైతే అది ఇంకో ఏడాది మాట.

దగ్గరి ఊరికి వెళ్ళడంలో అసలు సుఖం అక్కడ చూసేవాటిలో లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంటికి వచ్చేయగలగడంలో ఉంది. అందుకే బయల్దేరే ముందే మీరిద్దరూ ఒక మాట అనుకోండి. పాపకు ఒళ్ళు వెచ్చబడినా, రాత్రంతా ఏడుపు ఆపకపోయినా, ఏ కారణమూ లేకుండా మీకు ఊరికే ఇంటికి పోవాలనిపించినా సరే, పెట్టె సర్దేసుకోవడమే. "రూముకు డబ్బులు కట్టేశాం కదా" అన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఆ ఒక్క మాట పట్టుకునే మేం అరకులో రెండో రాత్రి కూడా ఉండిపోయాం.

అత్తగారి కోరిక దగ్గరికి వద్దాం. మొదట అప్పన్న దగ్గరికే అన్నారు కదా, అలాగే కానివ్వండి. భీమిలి వెళ్ళడానికి ఒక వారం ముందు, శని ఆదివారాలు కాని రోజు చూసుకుని, పొద్దున్నే ఆవిడను కూడా తీసుకుని సింహాచలం వెళ్ళి రండి. పూటలో అయిపోయే పని. ఇది ఆవిడ కోసం చేస్తున్నట్టు ఉంటుంది గానీ, మీకు అదే రిహార్సల్. పాప కారులో నిద్రపోతుందా, గోలపెడుతుందా? కొండెక్కే ఆ నాలుగు మలుపుల్లోనే పాలు కక్కుతుందా? ఎంతసేపటికి ఒకసారి ఆగాల్సి వస్తోంది? పాపకు మూడు జతల బట్టలు పెట్టుకుని మీకు ఒక్క జత కూడా పెట్టుకోలేదన్న సంగతి పాలు కక్కిన కుర్తాతో క్యూలో నిలబడ్డప్పుడు తెలుస్తుంది. ఆ తెలివి భీమిలికి పనికొస్తుంది. ఇంకొకటి. పిల్లల కోసం జనం సింహాచలంలో కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుతారు. మీ అత్తగారు ఎప్పుడో మీకు చెప్పకుండా మొక్కుకుని ఉంటే, ఆవిడ పట్టుదల పాపను ఆపడానికి కాదు, మొక్కు తీర్చుకోవడానికి కావచ్చు. జనం ఎక్కువగా ఉంటే మీరూ పాపా బయట నీడలో కూర్చోండి, ఆవిడ లోపలికి వెళ్ళి వస్తారు.

బైకు మాత్రం వద్దమ్మా. దగ్గరే కదా అంటారు, నాకు తెలుసు. మన రోడ్ల మీద ఆయన ముందు, మీరు వెనక, మధ్యలో చున్నీలో చుట్టిన బిడ్డ, ఈ దృశ్యం రోజూ చూస్తూనే ఉంటాం. నాలుగేళ్ళలోపు పిల్లలను బండి మీద తీసుకెళ్తే బిడ్డను నడిపేవారికి కలిపి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది. తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు హెల్మెట్ కూడా ఉండాలంది. మీ పాప తలకు సరిపోయే హెల్మెట్టే దొరకదు. ఇక హైవే మీద లారీల పక్కన ఏ బెల్టు ఏం కాపాడుతుంది?

తెలిసిన డ్రైవరు ఎవరైనా ఉంటే దింపి రావడానికి ఒకసారి, తీసుకురావడానికి ఒకసారి కారు మాట్లాడుకోండి. మూడు రోజులూ కారు అక్కడే పెట్టుకోవడం దండగ, ఎందుకంటే మీరు ఎక్కడికీ తిరగబోవడం లేదు. పసిపిల్లల కారు సీటు కొత్తది కొనాలంటే ఖర్చే. మీ ఆయనను ఫ్యాక్టరీలో అడగమనండి, ఎవరో ఒకరి అటక మీద ఒకటి పడి ఉంటుంది. ఈ వయసు పిల్లలకు అది కారు వెనక సీట్లో, పాప ముఖం వెనక అద్దం వైపు ఉండేలా బిగించాలి. ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా మాత్రం పెట్టకూడదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని మీకూ పాపకూ కలిపి ఒకే బెల్టు పెట్టుకోవడం కూడా తప్పే. గట్టి బ్రేకు పడితే మీ బరువంతా పాప మీద పడుతుంది. పాలకు ఏడిస్తే కారు ఆపి ఇవ్వండి. నడుస్తున్న కారులో సీట్లోంచి తీయడం, "ఒక్క నిమిషమే కదా" అనుకోవడం, అదే అలవాటవుతుంది. పొద్దున్న పదింటి ప్రాంతంలో, స్నానం చేయించి కడుపు నిండా పాలిచ్చి బయల్దేరితే ఋషికొండ దాటేదాకా లేవదు. అటు కొండలు, ఇటు సముద్రం ఉన్న ఆ రోడ్డంతా మీరిద్దరే చూసుకోవచ్చు. చాన్నాళ్ళ తర్వాత ఇద్దరూ కలిసి మాట్లాడుకునే గంట అదే కావచ్చు.

షిఫ్టు డ్యూటీ అని విసుగ్గా రాశారు గానీ, ఈ ఒక్క విషయంలో అది మీకు కలిసొచ్చింది. అందరికీ సెలవు దొరికే ఆదివారం భీమిలి బీచ్ రోడ్డు తిరనాళ్ళలా ఉంటుంది. మంగళ, బుధవారాల్లో అదే రోడ్డు మీద కుక్కలు పడుకుని ఉంటాయి. తేదీల్లో ఇంకో చిన్న లెక్క. ధనుర్మాసం మొదలయ్యాక, క్రిస్మస్ సెలవులకు ముందు, అంటే డిసెంబరు 17కీ 22కీ మధ్య చూసుకోండి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా ఎక్కడ చూసినా జనమే. ధనుర్మాసానికి ముందైతే పెళ్ళిళ్ళు. సముద్రం ఒడ్డున ఉన్న బసల్లో చాలావాటిలో పెళ్ళిళ్ళు చేస్తారు. రాత్రి పన్నెండుకు సంగీత్ డీజే మోగుతుంటే, ఎంతో కష్టపడి పడుకోబెట్టిన పాప ఉలిక్కిపడి లేస్తుంది. మీ మూడు గంటలు అక్కడితో సరి.

రూము ఫొటోలు చూసి బుక్ చేయకండి, ఫోన్ చేసి అడగండి. అడగాల్సింది సముద్రం కనిపిస్తుందా అని కాదు. వేడినీళ్ళు ఏ గంట నుంచి ఏ గంట దాకా వస్తాయి? కరెంటు పోతే జనరేటరు రూములోని ఫ్యానుకు పనిచేస్తుందా, లేక వరండా లైటుకేనా? కిటికీలకు దోమల జాలీ ఉందా? పై అంతస్తయితే లిఫ్టు ఉందా? ఆ రోజుల్లో ఫంక్షన్ ఏదైనా ఒప్పుకున్నారా? వంటవాళ్ళు కారం లేకుండా మెత్తటి పప్పన్నం చేసిస్తారా, తాగేనీళ్ళు మరిగించి ఇస్తారా? ఈ ప్రశ్నలకు అవతలి మనిషి విసుక్కుంటే ఆ చోటు మీకు పనికిరాదు, అర్ధరాత్రి వేడినీళ్ళు అడిగితే ఇంకెంత విసుక్కుంటారో ఆలోచించండి. "చిన్నపాపా మేడమ్? కింద రూము ఇస్తాం" అన్నారంటే సగం పని అయినట్టే. సముద్రానికి నాలుగడుగులు దూరమైనా ఫర్వాలేదు.

పాప తిండికి పెద్ద హైరానా అక్కర్లేదు. ఇంట్లో వాడే ఉగ్గు పొడినే డబ్బాలో పోసుకోండి. చిన్న కరెంటు కుక్కర్ ఒకటి సంచీలో పడేస్తే పూటపూటకూ తాజాగా ఉడికించుకోవచ్చు. పొద్దున చేసింది ఫ్లాస్కులో పోసి సాయంత్రం దాకా పెట్టడం మాత్రం వద్దు, ఆ వెచ్చదనంలో అది పాడైపోతుంది. ఇక మనకు దేవుడిచ్చిన వరం ఇడ్లీ. ఏ టిఫిన్ బండి దగ్గరైనా పొగలు కక్కే ఇడ్లీ దొరుకుతుంది. పైపొర తీసేసి, కాచి చల్లార్చిన నీళ్ళతో మెత్తగా మెదిపితే ఒక పూట గడిచిపోతుంది. అరటిపండు ఎప్పుడూ ఉండనే ఉంది. ఇంతకుముందు ఎప్పుడూ పెట్టని పదార్థం ఏదీ ఈ మూడు రోజుల్లో మొదలుపెట్టకండి. పడకపోతే అది ప్రయాణం బడలికో, తిండి గొడవో తేల్చుకోలేరు. తేనె సంగతి విడిగా చెబుతున్నాను. మేం అరకు నుంచి తేనె సీసా తెస్తే, ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమకొద్దీ వేలితో వాడి నాలుకకు రాయబోయారు. ఏడాది నిండని పిల్లలకు తేనె చుక్క కూడా వద్దు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మక్రిమి పసిపేగుల్లో విషం తయారుచేస్తుంది. అది ప్రాణం మీదకు వస్తుంది.

మీ తిండి గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. బాలింత పథ్యం రోజులు దాటిపోయాయి. భీమిలి దాకా వెళ్ళి చారన్నం తిని రాకండి. చేపల పులుసు చెప్పండి, వంజరం ముక్క వేయించమనండి, వేడివేడిగా తినండి. పాప ఏడిస్తే మీ ఆయన ఎత్తుకుంటారు. పళ్ళెం చల్లారకముందే తినడం కూడా సెలవే.

రాత్రి సంగతి. హోటల్ మంచాలు ఇంట్లోవాటి కన్నా ఎత్తుగా ఉంటాయి. పాకే పిల్ల అర్ధరాత్రి దొర్లిందంటే పడేది గచ్చు మీదికే. దిండ్లు అడ్డం పెడితే చాలనుకుంటారు, వాటి మీదుగా ఎక్కి పడతారు, లేదా అందులో ముఖం కూరుకుపోయి ఊపిరాడదు. రూములోకి అడుగుపెట్టగానే పరుపు తీసి కింద పరిపించుకోండి. ఇల్లు సర్దినట్టు ఒకసారి మోకాళ్ళ మీద వంగి, పాప ఎత్తు నుంచి గదిని చూడండి. ప్లగ్గు, కెటిల్ వైరు, మంచం కింద దోమల చుట్ట ముక్క, ఎవరో పారేసిన బిళ్ళ. అన్నీ తీయించాకే కిందకు దించండి. ఇంటి నుంచి దోమతెర, రోజూ పడుకునే బొంత తీసుకెళ్ళండి. ఆ బొంతను బయల్దేరే ముందు ఉతకకండి. అందులో మీ పాల వాసన, ఇంటి సాంబ్రాణి వాసన ఉంటాయి. కొత్త గదిలో కళ్ళు తెరిచిన పిల్లకు ముక్కు దగ్గర అదొక్కటే తెలిసిన చోటు. చీర ఉయ్యాల అలవాటైతే దాన్ని మాత్రం కిటికీ చువ్వలకు కట్టబోకండి. ఆ చువ్వలు ఎంత గట్టివో మీకు తెలీదు.

ఇప్పుడు అసలు కార్యక్రమం. ఇది మీ ఆయనకు చదివి వినిపించండి. రెండో రోజు పొద్దున్న ఆరింటికి మీరు పక్క మీంచి లేవకుండానే పాపకు పాలివ్వండి. తాగడం కాగానే ఆయన పాపను తీసుకుంటారు. చెవులు మూసే టోపీ, కాళ్ళకు మేజోళ్ళు, సంచీలో రెండు డైపర్లు, ఒక జత బట్టలు, చిన్న గిన్నె, చెంచా, కాచిన నీళ్ళు. తలుపు వేసుకుని మీరు పడుకోండి. ఆయన పాపనెత్తుకుని ఒడ్డుకు నడుస్తారు. ఆ వేళకు మరపడవలు ఒడ్డు చేరుతుంటాయి. వల లాగేవాళ్ళు తాడు నడుముకు ఆనించుకుని వెనక్కి వెనక్కి నడుస్తుంటారు. వలలో చేప ఎగిరిపడితే పాప కళ్ళు ఎంత చేసుకుంటుందో మీరు చూడరు, ఆయన చూస్తారు. బుట్టలతో వచ్చిన బెస్తవాళ్ళ ఆడవాళ్ళు "ఏటి బాబూ, పిల్లతల్లి ఏదీ?" అని అడుగుతారు. "పడుకుంది" అని చెప్పమనండి. ఎనిమిదింటికి ఇడ్లీ మెదిపి పెట్టడం ఆయన పని. డైపర్ మార్చడమూ ఆయన పనే, వాడింది ఇసుకలో పూడ్చకుండా కవరులో చుట్టి చెత్తబుట్టలో వేయడమూ ఆయన పనే. తొమ్మిది లోపు తలుపు కొట్టకూడదు. పాప ఏడిస్తే? ఏడుస్తుంది. ఎత్తుకుని తిప్పితే ఊరుకుంటుంది. మూడు గంటలు పాలు లేకుండా ఉండగల వయసే అది. ఆయన ఇన్నాళ్ళూ షిఫ్టుల మూలంగా అరగంటకు మించి ఒంటరిగా పాపను చూసి ఉండకపోతే, మొదటి గంట ఇద్దరికీ కష్టమే. రెండో గంటకు సర్దుకుంటారు.

మూడో రోజు పొద్దున కూడా ఇదే కార్యక్రమం, మార్పులేమీ లేవు.

మిగతా సమయంలో ఏదో ఒకటి చూడాలనిపిస్తే గంటస్తంభం, లైట్‌హౌస్, సముద్రం పక్కనే డచ్చివాళ్ళ పాత సమాధులు ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో వర్తకానికి వచ్చి ఇక్కడే మట్టిలో కలిసినవాళ్ళవి. ఆటోలో అరగంటలో అన్నీ అయిపోతాయి. ఎర్రమట్టి దిబ్బలు అందంగానే ఉంటాయి గానీ లోపల నీడ లేదు, ఎండ దిగాక అంచు దాకా వెళ్ళి వచ్చేయండి. ఇసుకలో తోపుడు బండి కదలదు, ఇంట్లోనే వదిలేయండి.

సముద్రంలోకి పాపను దించకండి, కాళ్ళు తడపడానికి కూడా. భీమిలి అలలు చూడటానికి నెమ్మదిగా ఉంటాయి, కింద లాగుడు తెలీదు. బకెట్టులో నాలుగు చెంబుల సముద్రపు నీళ్ళు తెచ్చి ఒడ్డుకు దూరంగా పెడితే పాపకు అదే సముద్రం. పొద్దున తొమ్మిది తర్వాత, సాయంత్రం నాలుగుకు ముందు ఎండలో వద్దు. ఇసుక నోట్లోకి ఎలాగూ పోతుంది, కాస్త పోయినంత మాత్రాన కంగారుపడకండి, తడి గుడ్డతో తుడిచేయండి.

థర్మామీటరు, ఓఆర్ఎస్ పొట్లాలు, జ్వరం మందు చుక్కలు పెట్టుకోండి. ఆ చుక్కలు ఎన్ని వేయాలో పాప బరువును బట్టి మీ డాక్టరు చేతే ముందుగా రాయించుకోండి. అర్ధరాత్రి సీసా మీది చిన్న అక్షరాలు చదువుతూ లెక్కలు కట్టే పని పెట్టుకోకూడదు. పాలు తాగనంటున్నా, మగతగా పడి ఉన్నా, ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోయినా, ఎగశ్వాస కనిపించినా ఆలోచించకుండా విశాఖ బయల్దేరండి. అక్కడి పెద్దాసుపత్రి కేజీహెచ్ గంట దూరం. కారు దొరక్కపోతే 108 ఉంది. అరకులో ఆ రాత్రి నేను భయపడింది చలికి కాదు, వాడికి ఏదైనా అయితే చీకట్లో ఆ ఘాట్ దిగాలే అని.

ఇక అత్తగారిని వదిలి వెళ్ళడం. వదిలే వెళ్ళండి. మీరు తప్పు చేస్తున్నట్టు రాశారు, ఆవిడ కూడా ఏడు నెలలుగా పాప గుడ్డలు ఉతికి, నలుగు పెట్టి, నీళ్ళు పోసి ఉంటారు. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో తన టీవీ తాను చూసుకునే మూడు రోజులు ఆవిడకూ దక్కుతాయి. అప్పన్న దర్శనం ముందే అయిపోయింది గనక మాట పడేది కూడా ఏమీ లేదు. పొద్దునా సాయంత్రం వీడియో కాల్ చేసి పాపను చూపించండి. "టోపీ పెట్టలేదేం?" అంటారు. పెట్టి చూపించండి.

వచ్చేటప్పుడు ఆవిడ తింటారంటే భీమిలిలో ఎండు మెత్తళ్ళు కొని పట్టుకెళ్ళండి. కారులో పాప పక్కన కాదు, డిక్కీలో, రెండు కవర్లు చుట్టి.